వానకు ముందు సైటు – 3వ పాఠం: సీసాలో మట్టి, మిల్లర్ కడిగిన నీళ్ళు

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? కట్టుబడి పని జరిగే సైటు చుట్టూ తిరిగి, వాననీళ్ళు ఎటు నుంచి వస్తాయో, ఎటు దిగిపోతాయో కాగితం మీద బాణాలు గీయమన్నాను. దాన్ని దగ్గర పెట్టుకోండి, ఈ పాఠంలో అడుగడుగునా దాంతోనే పని.

తిరుపతిలో మన గండకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. శేషాచలం మీద పడిన వాన కపిలతీర్థం దగ్గర దూకి, చూస్తుండగానే ఊళ్ళోకి వచ్చేస్తుంది. 2021 నవంబరు వరదలు చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ నీళ్ళు చివరికి చేరేది చెరువులకు, స్వర్ణముఖికి. వాననీటి కాలవ చివర శుద్ధి చేసే ప్లాంటేమీ ఉండదు. మన సైటు నుంచి అందులో పడింది పడినట్టే పోతుంది. కూలీలకు మొట్టమొదట చెప్పాల్సింది ఇదే.

చెప్పడమంటే వరసలో నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వడం కాదు. ఒక లీటరు సీసా తెప్పించండి. పావు వంతు పునాది మట్టి, పైన నీళ్ళు పోసి, ఒక కూలీ చేతికే ఇచ్చి బాగా కుదపమనండి. తర్వాత అందరికీ కనిపించేచోట కదలకుండా పెట్టండి. నిమిషంలోపే ఇసుక అడుక్కి దిగుతుంది. టీ తాగి వచ్చేసరికి దాని మీద సన్నటి ఒండ్రు పొర కనిపిస్తుంది. సాయంత్రం పని దిగేటప్పుడు చూసినా పైన నీళ్ళు ఎర్రగానే ఉంటాయి. ఆ ఎరుపు బంకమన్ను. పూర్తిగా దిగడానికి రోజులు పడుతుంది.

సీసా కదలకుండా ఉంటేనే ఇంత సేపు పడితే, పారే కాలవలో అది ఎక్కడ దిగుతుంది? నేరుగా చెరువులోనే. కాబట్టి మట్టిని ఆపడానికి కాలవ దగ్గర మూటలు పెట్టడం ఆఖరి పని. ముందు మట్టి కుప్ప మీద పట్ట కప్పి అంచుల్లో రాళ్ళు పెట్టాలి. పై నుంచి వచ్చే మట్టి కలవని వాననీళ్ళు తవ్విన చోటికి రాకుండా చిన్న గట్టు వేసి పక్కకు మళ్ళించాలి. మీ కాగితంలో లోపలికి వచ్చే బాణాలు ఎక్కడున్నాయో ఆ గట్టు అక్కడే.

మూటల గురించి ఒక మాట. గోనెసంచుల్లో 20 మి.మీ. కంకర నింపండి, ఇసుక వద్దు. నీళ్ళు సందుల్లోంచి కారాలి. కొత్తలో నేను ఇసుక మూటలతో కాలవ మూతి పూర్తిగా కట్టించాను. రాత్రి వానకు నీళ్ళు ఎదురింట్లోకి పోయాయి. పొద్దున ఆ ఇంటి పెద్దామె చీపురుతో నీళ్ళు తోసుకుంటా కనిపించింది. ఇప్పటికీ ఆ తప్పు నన్ను బాధపెడుతుంది.

ఇక మిల్లర్, అంటే కాంక్రీటు కలిపే యంత్రం. దీన్ని కడిగిన నీళ్ళు కాసేపటికి తేటగా కనిపిస్తాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నీళ్ళలో ఆమ్లం ఎక్కువో క్షారం ఎక్కువో చెప్పే కొలత పీహెచ్. తాగేనీటి పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. సిమెంటు నీళ్ళది 12 దాటుతుంది. ఈ కొలతలో ఒక్క అంకె పెరిగితే క్షారం ఘాటు పదింతలు. కూలీకి అంకెలు వద్దు. “సిమెంటు నీళ్ళకు నీ వేళ్ళ సందులు పుండ్లు పడతాయి కదన్నా, చేపల మొప్పలకూ అంతే” అనండి. వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే ఆ మంట అతను పడ్డాడు.

కాలవకు దూరంగా, ఎత్తుగా ఉన్నచోట గుంత తీసి, చిరుగుల్లేని పట్ట పరిచి, మిల్లర్, తట్టలు, పారలు అక్కడే కడిగించండి. కడిగేముందు అంటుకున్న కాంక్రీటు గీకేస్తే చాలా నీళ్ళు మిగులుతాయి. వాన మబ్బు పట్టగానే గుంతను కప్పాలి, నిండి పొర్లితే పడిన శ్రమంతా వృథా. ఎండి గట్టిపడిన ముద్దను పగలగొట్టి నిర్మాణ వ్యర్థాలతో పాటు పంపండి.

ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చినవాళ్ళుంటే మాట కంటే చేత మేలు. మీరొకసారి చేసి చూపి, తర్వాత వాళ్ళచేత చేయించి చూడండి. తలూపారు కదా అని వదిలేయొద్దు.

ఈ వారం పని: సీసా పరీక్ష చేసి, పొద్దున, మధ్యాహ్నం, మర్నాడు ఫోటో తీయండి. ఆదివారం రాత్రి వానొస్తే పట్ట కప్పేది ఎవరో మేస్త్రీతో మాట్లాడి, ఆ పేరు మీ కాగితం మీద రాయండి. వచ్చే పాఠానికి సైటులో డీజిల్ డబ్బాలు, పెయింటు డబ్బాలు ఎక్కడెక్కడున్నాయో లెక్క తీసి ఉంచండి.