ప్రోగ్రామ్ క్రాషయ్యాక మొరాయించిన టీవీ ట్యూనర్: నా అనుభవం

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థం లోకల్ కేబుల్‌లో వస్తుంటే, సెట్‌టాప్ బాక్స్ నుంచి యూఎస్‌బీ ట్యూనర్‌తో (టీవీ బొమ్మని కంప్యూటర్‌కి ఎక్కించే చిన్న పరికరం) మా ఉబుంటు లినక్స్ కంప్యూటర్లో రికార్డు చేస్తున్నాను. గంగలకుర్రు ఊరివాళ్లు భుజాల మీద మోసుకొచ్చే ప్రభ కౌశిక నదిలోకి దిగే వేళకి రికార్డింగ్ ప్రోగ్రామ్ క్రాషయింది. మళ్లీ తెరిస్తే ‘డివైజ్ ఆర్ రిసోర్స్ బిజీ’, అంటే ట్యూనర్‌ని ఇంకేదో వాడుతోందని. పక్కన అమ్మ, “ఏమైందిరా, ప్రభ దాటేస్తోంది!” అని ఒకటే టెన్షన్.

విండో పోయినా ప్రోగ్రామ్ వెనకాల బతికే ఉంది. వీడియో డివైజ్‌ని ఏ ప్రాసెస్ పట్టుకుందో ఫ్యూజర్ కమాండ్‌తో చూసి, దాన్ని కిల్ చేశాను, అంటే బలవంతంగా ఆపేశాను. అయినా బొమ్మ రాలేదు. సరే, ట్యూనర్‌ని నడిపించే డ్రైవర్ తీసి మళ్లీ ఎక్కిద్దామని మోడ్‌ప్రోబ్ కమాండ్ కొడితే ‘మాడ్యూల్ ఈజ్ ఇన్ యూజ్’ అంది, అంటే ఆ డ్రైవర్ ఇంకా వాడకంలో ఉందని.

అసలు చిక్కు సౌండ్ దగ్గరుంది. ఈ రకం ట్యూనర్లో ఆడియోకి వేరే మాడ్యూల్ (డ్రైవర్లో ఓ భాగం) ఉంటుంది, దాన్ని కంప్యూటర్లో సౌండ్ చూసుకునే పల్స్‌ఆడియో వదలడం లేదు. పల్స్‌ఆడియోని ఆపి, ముందు ఆడియో మాడ్యూల్, తర్వాత వీడియోది, చివరికి అసలు డ్రైవర్ తీశాను. ట్యూనర్‌ని పీకి, కాసేపాగి పెట్టగానే డ్రైవర్ దానంతటదే ఎక్కింది, బొమ్మా వచ్చింది.

ఆ పీకడం చాలా ముఖ్యమండీ. చాలా కంప్యూటర్లలో రీస్టార్ట్ చేసినా యూఎస్‌బీకి కరెంటు ఆగదు, ట్యూనర్లోని చిప్ అలాగే బిగుసుకుని ఉంటుంది.