పెద్దవారి చేత పాటతో కుర్చీ వ్యాయామం ఎలా చేయించాలి?

పశ్చిమ మాంబళంలోని మా అపార్ట్‌మెంటులో వారానికి మూడు రోజులు పెద్దవారి చేత ఈ వ్యాయామం చేయిస్తున్నాను. ఉదయం ఆరున్నరకే మొదలుపెట్టండి. చెన్నై ఉక్కలో పొద్దెక్కితే సగం ఓపిక అక్కడే పోతుంది. గుండె జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

గోడకు ఆనించిన, చేతులున్న చెక్క కుర్చీ, మంచినీళ్లు, పాట ఉంటే చాలు. ప్లాస్టిక్ కుర్చీ గచ్చు మీద జారుతుంది, వద్దు.

పాట ఆది తాళంలోనే ఉండాలి. ఆ తాళంలోని ఎనిమిది అక్షరాల్లో, అంటే లెక్కల్లో, నాలుగింటికి ఎత్తడం, నాలుగింటికి దించడం. హుషారు సినిమా పాటలు పెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఆ వేగం అరిగిన మోకాళ్లకు పట్టదు. గొంతు కలిపి పాడించండి. పాడేవారు ఊపిరి బిగబట్టలేరు. బిగబడితే రక్తపోటు పెరుగుతుంది.

కూర్చునే మడమలు ఎత్తడం, మోకాలు చాపడం, భుజాలు తిప్పడం ఎనిమిదేసి సార్లు. మెడను గుండ్రంగా తిప్పించకండి.

ఇక లేచి నిలబడడం. ముందు పాట ఆపేయండి. పాట నడుస్తుంటే తాళం తప్పుతుందని తొందరపడతారు. మా దగ్గర ఒక పెద్దావిడ పల్లవి అందుకోవాలని గబుక్కున లేచారు. చీర కుచ్చిళ్లు మడమ కింద పడ్డాయి, చేయి కుర్చీ కోసం గాలిలో తడుముకుంది. పక్కనే ఉన్నాను కాబట్టి పట్టుకోగలిగాను. ఆ రోజు నుంచి కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకున్నాకే లేవనిస్తాను.

లేవగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వయసు మీద పడ్డాక, అందులోనూ బీపీ మాత్రలు వేసుకునేవారిలో, శరీరం వెంటనే సర్దుకోదు. నిలబడిన 3 నిమిషాల్లోపు బీపీ పై అంకె 20 పాయింట్లు పడిపోతే వైద్యులు దాన్ని జబ్బు కిందే లెక్కిస్తారు.

అందుకే కుర్చీ అంచుకు జరిగి, పాదాలు మోకాళ్లకన్నా కాస్త వెనక్కి పెట్టమనండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, కుర్చీ చేతులను అదిమి లేవాలి. మీరు చేయి పట్టి లాగవద్దు, భుజం పట్టేస్తుంది. నిలబడ్డాక నాలుగు మాటలు మాట్లాడించండి. కళ్లు మసకబారాయంటే వెంటనే కూర్చోబెట్టండి. కూర్చునేటప్పుడు పిక్కలకు కుర్చీ తగలాలి, చేతులు ఆనాలి, ఆ తర్వాతే నడుము దిగాలి. దబ్బున కూలబడితే గుల్లబారిన వెన్నుపూస విరగవచ్చు.

మూడు సార్లు చాలు. అందరూ కూర్చున్నాక పాటను మళ్లీ పల్లవి నుంచే పెట్టండి.