నడుము, మోకాళ్ల నొప్పుల తర్వాత మళ్లీ పరుగు

నొప్పులతో పరుగు మానేసినవారు, ఇబ్బంది లేకుండా 30 నిమిషాలు చురుగ్గా నడవగలిగిన తర్వాతే మళ్లీ మొదలుపెట్టాలి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగినవారైతే ముందుగా డాక్టరును తప్పక కలవాలి. ఫ్లోరోసిస్ వల్ల వెన్ను, కీళ్లు బిగుసుకుపోయినా, దాన్ని మామూలు పట్టుగా పొరబడి పరుగుతోనే సాగదీయాలని చూసే ప్రమాదం ఉంది.

మొదట్లో 1 నిమిషం పరుగు, 4 నిమిషాల నడక చొప్పున ఐదుసార్లు, రోజు విడిచి రోజు, వీలైతే మట్టి మైదానంలో, ఎండ ముదరకముందే చేయండి.

పరుగు లేని రోజున చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, మడమలను నేలకు నొక్కిపెట్టి, పిరుదులను మెల్లగా పైకి లేపి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఇలా 10 సార్లు. నడుముపై భారం తగ్గించేది ఈ కండరాల బలమే కనుక దీన్ని వదిలేయకండి.

నొప్పికి పదికి మార్కులు వేసుకోండి. మూడు దాటినా, మర్నాడు మంచం దిగేటప్పటికీ తగ్గకపోయినా పరుగు తగ్గించి ఒక మెట్టు వెనక్కి రండి. కాలు తిమ్మిరెక్కినా, బలహీనపడినా పరుగు ఆపి డాక్టరును కలవాలి. మూత్రం మీద అదుపు తప్పితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.