ఏసీ నీళ్లు గోడ మీద కారుతుంటే

కడప ఎండలకు, దుమ్ముకు మా ఏసీ నుంచి గోడ మీదికి నీళ్లు కారేవి. పైగా మాటిమాటికీ ఆగి, మళ్లీ ఆన్ అయ్యేది. మెయిన్ స్విచ్ ఆపేసి, రెండు ఫిల్టర్లూ కుళాయి కింద కడిగి నీడలో పూర్తిగా ఆరబెట్టాను. బయట డ్రెయిన్ పైపు కొసలో బూడిదరంగు బంక పేరుకుని ఉంది. పాత టూత్‌బ్రష్‌తో అది తీసి, లోపలి ట్రేలో అర లీటరు నీళ్లు గ్లాసుతో మెల్లగా పోశాను, కరెంటు బోర్డు వైపు చుక్క పడకుండా. బయటికి ధారగా వచ్చేశాయి. అన్నట్టు, నీళ్లు పట్టుకోవడానికి బకెట్ పెడతాం కదా, పైపు కొస అందులో మునగకూడదు. మునిగితే నీళ్లు సరిగా దిగవు.

ఇంత చేసినా రాగి పైపు మీద మంచు కడుతుంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు. అప్పుడు ఏసీ ఆపేసి మెకానిక్‌ను పిలవండి.