చెన్నైలో జువెనైల్ హోమ్ నుంచి బయటికొచ్చే పిల్లలకు మెంటర్‌గా చేరాలంటే

కెల్లీస్‌లోని ప్రభుత్వ అబ్జర్వేషన్ హోమ్ (కేసుల్లో చిక్కుకున్న పిల్లలను విచారణ సమయంలో ఉంచే చోటు) గేటు దగ్గరికి నేరుగా వెళ్లి "పిల్లలకు ఏదైనా చేద్దామని వచ్చాను" అంటే లోపలికి పంపరు, పంపకూడదు కూడా. మొదట అడగాల్సింది జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని. అందరూ డీసీపీయూ అంటారు, చెన్నైది రాయపురంలో ఉంది. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ అధికారి పేరున రాసి, ఒక కాపీ హోమ్ సూపరింటెండెంట్‌కి ఇచ్చి, రెండింటికీ అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. తమిళంలోగానీ ఇంగ్లీషులోగానీ రాయండి.

ఒక పేజీ చాలు. మీరేం పని చేస్తారు, వారంలో ఏ రోజు ఏ టైముకి రాగలరు, ఎన్నాళ్లు ఉంటారు, ఏ భాషలు వచ్చు, అంతే. "సమాజాన్ని మార్చాలని" లాంటి మాటలు వద్దు, ఆదివారం మూడింటికి వస్తానని రాసినవాళ్ల మీదే ఆఫీసులో నమ్మకం కుదురుతుంది. ఏడాదైనా ఉండలేకపోతే అసలు పెట్టుకోకండి. తెలుగు వచ్చన్న సంగతి మాత్రం స్పష్టంగా రాయండి, ఆంధ్ర నుంచి పనులకొచ్చిన కుటుంబాల పిల్లాడెవరైనా ఉంటే మీ అవసరం అక్కడే.

ఆధార్ కాపీ, చిరునామా రుజువు, ఫొటోలు, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి వివరాలు జత చేయండి. పోలీసు వెరిఫికేషన్‌కి తమిళనాడు పోలీసు వెబ్‌సైటులోనే అప్లై చేయొచ్చు. హోమ్‌లలో పిల్లలతో మెలిగే సిబ్బందికి ఇది తప్పనిసరని పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో 2020 నిబంధనల్లో ఉంది, వాలంటీర్లం కదా అని మనం మినహాయింపు అడగడం బాగోదు.

ఇక అసలు మనిషి ప్రొబేషన్ ఆఫీసర్. పిల్లాడి ఇల్లు, చదువు, స్నేహాలు అన్నీ చూసి రిపోర్టు రాసేది, బయటికొచ్చాక గమనించేది ఆయనే లేదా ఆవిడే. పిల్లాడికి వేసే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో మీరు కలిసే రోజులు కూడా రాయమని అడగండి. విడుదలయ్యాక పరిచయం చేస్తామంటే మాత్రం, ముందే చేయమని కాస్త పట్టుబట్టండి, ఎందుకంటే బయటికొచ్చిన మొదటి వారంలోనే పాత స్నేహితులు ఇంటి ముందు ఉంటారు, మీరు అప్పటికే తెలిసిన మనిషై ఉండాలి. ఏం చేశాడో మీరు అడగొద్దు, చెబితే వినండి.

పేరు, ఫొటో, స్కూలు, వీధి ఏదీ బయటికి రాకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీ వాట్సాప్ స్టేటస్ కూడా ఇందులోకే వస్తుంది.

18 నిండి హోమ్ నుంచి వెళ్లేవాళ్లకు అదే చట్టం సెక్షన్ 46 కింద ఆర్థిక సాయం ఉంది, కేంద్ర పథకం మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఆఫ్టర్‌కేర్‌కి, అంటే హోమ్ వదిలాక ఇచ్చే తోడ్పాటుకి, నెలకు 4000 రూపాయలు పెట్టారు. అర్హత ఉందేమో డీసీపీయూలో అడిగి, ఆ కాగితాల వెంట పడటం కూడా మెంటర్ పనే అని నా లెక్క. ఉద్యోగం దగ్గర పాత కేసు గురించి టెన్షన్ పడుతుంటే సెక్షన్ 24 చూపించండి: 16 దాటాక పెద్దవాళ్లలా విచారించి దోషిగా తేల్చిన కేసులు తప్ప, మిగతావాళ్లకు ఆ కేసు వల్ల ఏ అనర్హతా అంటదు.

పిల్లాడి ఊరు నెల్లూరో తిరుపతో అయితే, సెక్షన్ 95 కింద సొంత జిల్లాకు మార్చే అవకాశం ఉంది. అలా జరిగితే అక్కడి డీసీపీయూకి మీ వివరాలు పంపమని ప్రొబేషన్ ఆఫీసర్‌ని అడగండి, వాళ్లు ఒప్పుకుంటే ఫోన్లోనైనా కొనసాగించొచ్చు.