వెబ్‌సైట్ పెట్టడం వేరు, దాంతో వ్యాపారం నడపడం వేరు

సైట్ పెడదామనుకునేవాళ్ళు నన్ను ముందు అడిగేది పేరు గురించి, లోగో గురించి. అవి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ సైట్‌కి వచ్చే మనిషి ఏ ఇబ్బందితో వస్తాడు, ఏం తీసుకుని వెళ్తాడు? దీనికి ఒక్క వాక్యంలో జవాబు రాకపోతే డొమైన్ (సైట్ చిరునామా) కొనడం కాస్త ఆపండి.

నేను కుట్టుమిషన్ల విడిభాగాలు అమ్మే సైట్ నడుపుతాను. బట్టలు, బటన్లు, లేసులు కూడా పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు, పెట్టలేదు. అమెజాన్ అంతటిది కూడా 1995లో పుస్తకాలతోనే అమ్మకాలు మొదలుపెట్టింది. మనకున్న డబ్బుకీ ఓపికకీ అంతకంటే చిన్న గిరి గీసుకోవడమే మంచిది. గిరి చిన్నదైతే లోతుగా తెలుసుకోవచ్చు. కొనేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేది ఆ లోతు కోసమే.

సూదుల సంగతే చూడండి. ఇళ్ళలో వాడే మిషన్లలో చాలావాటికి 130/705 హెచ్ రకం సూది పడుతుంది. దాని పైభాగం, అంటే మిషన్‌లో బిగించే చోటు, ఒకవైపు చదునుగా ఉంటుంది. ఫ్యాక్టరీ మిషన్లకు వాడే డీబీ×1 రకానికి అదే చోట గుండ్రంగా ఉంటుంది. ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. పొరపాటున ఒకటి బదులు ఇంకొకటి కొన్నవాళ్ళు దాన్ని తిప్పి పంపుతారు, మళ్ళీ మన సైట్ మొహం చూడరు. అందుకే ఆ పేజీలో ధర కంటే పైన ఆ బిగించే చోటు ఫోటో దగ్గరగా తీసి పెట్టాను. దాని కింద ఒకే ప్రశ్న: ‘మీ పాత సూది ఇక్కడ చదునుగా ఉందా, గుండ్రంగా ఉందా?’ వాపసులు తగ్గించడానికి ఇంతకంటే బాగా పనిచేసింది నాకు ఇంకోటి కనపడలేదు. మీ సరుకు ఏదైనా, కొనేవాళ్ళు తడబడే చోటు ఇలాంటిది ఒకటి ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోండి.

ఎక్కడ తడబడుతున్నారో తెలియాలంటే గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరవండి, ఉచితమే. అందులో పెర్ఫార్మెన్స్ రిపోర్టులో జనం ఏ మాటలతో వెతికితే మన పేజీ కనిపించిందో ఉంటుంది. ఇంప్రెషన్లు (ఫలితాల్లో మన పేజీ ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క) బాగా ఉండి క్లిక్కులు రాని మాటలు, సగటు స్థానం (ఫలితాల వరుసలో మన పేజీ ఎన్నోదన్నది) 8 నుంచి 20 మధ్య ఉన్నవి ఏరి పక్కన రాసుకోండి. గూగుల్ మన పేజీని చూపిస్తోంది కానీ జనానికి తెరవాలనిపించట్లేదన్నమాట. నా సైట్‌కి జనం ‘సూది ధర’ అని వెతుక్కుంటూ రారు, ‘దారం ఊరికే తెగిపోతోంది’ అని వస్తారు. అందుకని ఆ మాటనే శీర్షికగా పెట్టి ఒక పేజీ రాశాను: సూది వెనక్కి తిప్పి బిగించారేమో, పైదారం బిగువు (టెన్షన్) ఎక్కువైందేమో, మామూలు నూలుబట్టకి 80/12, మందపాటి డెనిమ్‌కి 100/16 సైజు సూది వాడుతున్నారా లేదా. సూది మార్చాల్సిన చోట మాత్రమే సూదికి లింకు ఇచ్చాను. సమస్య తీరినవాళ్ళలో కొందరు ఏమీ కొనకుండానే వెళ్ళిపోతారు. పోనివ్వండి, తర్వాత ఏదైనా అవసరం పడితే వాళ్ళే వస్తారు.

ఇలాంటి పేజీలు ఏఐతో వందలకొద్దీ తయారు చేయిద్దామనే ఆలోచన మీకూ వచ్చి ఉంటుంది. ర్యాంకుల కోసం పనికిరాని పేజీలు గుట్టలుగా పోయడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ విధానాల్లో చేర్చింది, అవి ఎవరు రాసినా, ఏ యంత్రం రాసినా సరే. మీరు చేత్తో పట్టుకుని చూసిన వస్తువు గురించి పది పేజీలు రాయండి చాలు.

ఇక లెక్క. ప్రకటనలకు డబ్బు పెట్టే ముందు ఈ కూడికలు కాగితం మీద వేసుకోవాలి. ఒక అమ్మకం మీద ఖర్చులు పోను మీకు 100 మిగులుతుందనుకోండి. ఒక్కో క్లిక్‌కి 3 అవుతోంది, వచ్చిన 100 మందిలో ఇద్దరు కొంటున్నారు. అంటే 300 పెట్టి 200 తెచ్చుకుంటున్నారు. ఇలాంటప్పుడు ప్రకటన పెంచితే నష్టమే పెరుగుతుంది. ఇద్దరు కొనేచోట నలుగురు కొనేలా పేజీని బాగుచేస్తే అదే 300 మీద 400 వస్తుంది. సైట్ మీద ఇతరుల ప్రకటనలు వేసి బతుకుదామనుకునేవాళ్ళు మాత్రం జనం భారీగా వచ్చేదాకా ఆ ఆశ పెట్టుకోకండి.

పేజీని బాగుచేయడమంటే రంగులు మార్చడం కాదు. చవక ఫోన్ ఒకటి తీసుకోండి, వైఫై ఆపి మొబైల్ డేటా మీద మీ సైట్‌లో మీరే ఒక వస్తువు కొనండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్ల లోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. అంతకు మించితే ముందు అనుమానించాల్సింది కెమెరాలోంచి నేరుగా ఎక్కించిన పెద్ద ఫోటోలను, ఆ తర్వాత హోమ్ పేజీలో వాటంతటవే తిరిగే ఫోటోల స్లయిడర్‌ను. ఫోన్ నంబర్ గడి నొక్కితే అంకెల కీబోర్డ్ రావాలి. అకౌంట్ తెరవకుండానే కొనగలగాలి. డెలివరీ చార్జీ చివరి పేజీలో కాకుండా వస్తువు పక్కనే కనిపించాలి. ఆర్డర్ మెయిల్ స్పామ్‌లో పడిందేమో చూడండి. పడితే మీ డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్ రికార్డులు (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపేవి) ఉన్నాయో లేదో సైట్ కట్టినవాళ్ళని అడగండి. వస్తువు వస్తుందో రాదోనన్న టెన్షన్ కొన్నవాళ్ళకి ఉండకూడదు.

డొమైన్ మీ పేరు మీద, మీ సొంత ఈమెయిల్ మీద ఉండాలి. సైట్ కట్టినవాళ్ళ పేరు మీద కాదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు, వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే. ఆటో రెన్యువల్, రెండంచెల లాగిన్ పెట్టుకోండి. మామూలు సైట్‌కి ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (సైట్‌కీ చూసేవాళ్ళకీ మధ్య సమాచారం బయటివాళ్ళు చదవకుండా కాపాడేది) లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ ఉచితంగా ఇస్తుంది కాబట్టి దానికి విడిగా డబ్బు కట్టమంటే ఎందుకో అడగండి. బ్యాకప్ ఉందని హోస్టింగ్‌వాళ్ళు (సైట్‌ను తమ సర్వర్లో ఉంచేవాళ్ళు) చెబితే సరిపోదు. ఒకసారి దింపుకుని వేరేచోట తెరిచి చూడాలి.

ఎప్పుడో ఒకప్పుడు సైట్ మొత్తం మార్చాలనిపిస్తుంది. మార్చండి, కానీ జనం వస్తున్న పాత పేజీల చిరునామాలన్నీ ముందే ఒక షీట్‌లో రాసుకుని, ఒక్కోదాన్నీ దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకి వచ్చినవాళ్ళని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) చేయించండి. అన్నిటినీ హోమ్ పేజీకి తోలేస్తే కుదరదు. ఆ రీడైరెక్టులు కనీసం ఏడాదైనా ఉంచాలి. తీసేయాల్సిన అవసరం లేకపోతే అలాగే వదిలేయండి.