నిరాహార దీక్ష మీద షార్ట్ ఫిల్మ్: షూటింగ్ చివరి రోజు నుంచి మొదలుపెట్టండి

జైల్లో రాజకీయ ఖైదీ దీక్ష మీద అరగంట సినిమా తీయాలంటే స్క్రిప్టులో ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: అతను ఏం అడుగుతున్నాడు? నీళ్లు తాగుతున్నాడా? నీళ్లు కూడా మానేస్తే కథ కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. నీళ్లు తాగుతూ లాహోర్ జైల్లో భగత్ సింగ్ సహచరుడు జతిన్ దాస్ 63 రోజులు బతికాడు (1929), ఉత్తర ఐర్లాండ్‌లో ఐరిష్ రిపబ్లికన్ ఖైదీ బాబీ శాండ్స్ 66 రోజులు బతికాడు (1981). లాహోర్ ఖైదీలు పత్రికలు, పుస్తకాలు అడిగారు. శాండ్స్ సొంత బట్టలు అడిగాడు. మీ ఖైదీ అడిగేది కూడా అంత చిన్నదిగా, స్పష్టంగా ఉండనివ్వండి. "దినపత్రిక ఇవ్వాలి" అన్న ఒక్క ముక్క పెద్ద నినాదం కన్నా లోతుగా తాకుతుంది.

కేసు సీను ఉంటే ఏడాది చూసుకోండి. 2024 జులై 1కి ముందు కథైతే పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 309 (ఆత్మహత్యాయత్నం), తర్వాతదైతే దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 226 (అధికారులపై ఒత్తిడి తేవడానికి ఆత్మహత్యాయత్నం).

చాలా షార్ట్ ఫిల్మ్‌లు తప్పేది శరీరం దగ్గరే. ఆకలి బాగా సతాయించేది మొదటి రెండు మూడు రోజులు, తర్వాత మందగిస్తుంది. కాబట్టి పదిహేనో రోజున పొట్ట పట్టుకుని మెలికలు తిరిగే నటన అబద్ధం. మూడో వారానికి లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి, ఒళ్లంతా చలి. అయిదో వారం దాటాక చూపు రెండుగా కనిపించడం, వాంతులు, నీళ్లు కూడా మింగలేకపోవడం. ఆ తర్వాత వినికిడి, చూపు తగ్గుతాయి.

నటుణ్ణి పస్తులుంచకండి. డాక్టరు ఒప్పుకుంటే వారానికి అరకిలో చొప్పున రెండు నెలల్లో నాలుగు కిలోలు, అంతకు మించొద్దు. ఆరు వారాలు గడ్డం పెంచమనండి. చివరి రోజుల సీన్లు ముందు తీసేయండి. ఆ తర్వాత గడ్డం కత్తిరించుకుంటూ, అతను మళ్లీ కడుపునిండా తింటుండగా వెనక్కి రండి. నున్నగా గీసుకున్న గడ్డంతో మొదటి రోజు సీను ఆఖర్న పడుతుంది. ఒకే రకం జైలు బట్టలు మూడు సైజుల్లో కుట్టించండి. మొదటి రోజుకు సరిపోయేది, చివరి రోజుకు రెండు సైజులు పెద్దది. మనిషి చిక్కిపోయాడని మేకప్ కన్నా వదులైన కాలరే బాగా చెబుతుంది. పెదవుల పగుళ్లకు లిక్విడ్ లేటెక్స్ (మేకప్‌కు వాడే రబ్బరు ద్రవం) వాడేటట్టుంటే ఒక రోజు ముందు మోచేతి లోపలివైపు రాసి చూడండి, కొందరికి దద్దుర్లు వస్తాయి.

వరంగల్‌లో తీస్తుంటే, అక్కడి సెంట్రల్ జైలును 2021లో కూల్చేశారు, ఆ గోడలిక దొరకవు. పాత గోదాములో ఓ మూల పది బై పన్నెండు అడుగుల సెల్ కట్టి, ఒక గోడ కెమెరా కోసం తీసేసేలా పెట్టుకోండి. లోపల సున్నం, పైన చిన్న కిటికీ, కింద కొత్తవాడ జంపఖానా. షూటింగ్ డిసెంబరు, జనవరిలోనే. మన ఎండాకాలంలో రేకుల కప్పు కింద నటుడికి చెమట పడితే చలికి వణికే సీను పోయినట్టే. చలికాలంలో ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి దక్షిణం కిటికీ వెలుగు ఎదురు గోడ దాకా వస్తుంది, లైట్ల ఖర్చు తగ్గుతుంది. కాజీపేట వైపైతే రైలు కూత తప్పదు. ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం విడిగా రికార్డు చేసి పెట్టుకోండి, ఎడిటింగులో అదే అతుకు.

బలవంతంగా పాలు పట్టే సీనులో నిజం గొట్టం ముక్కులోకి పోనివ్వొద్దు. జతిన్ దాస్ ఊపిరితిత్తులు దెబ్బతిన్నది అలాంటి ప్రయత్నంలోనే. కెమెరాకు అవతలి ముక్కు పక్కన కోసిన గొట్టాన్ని టేపుతో అంటించి, వార్డరు భుజం వెనక నుంచి తీయండి. మిగతా పని శబ్దం చేస్తుంది.

అన్నం పళ్లెం పూటపూటా సెల్‌లోకి రావాల్సిందే, ఏ రోజూ మరవొద్దు. మొదటి మూడు రోజులు దాని వైపు ఖైదీ చూస్తాడు. తర్వాత వార్డరు చూస్తాడు. "గింతంత తినరాదు బిడ్డా" అన్న మాట అతని నోటినుంచి ఒక్కసారే, ఇరవయ్యో రోజు దాటాకే రానివ్వండి.